కారు కిందికి దూరే ముందు: జాకీ, స్టాండు, వాటి కింది నేల

కారు జాకీ మీంచి పడిందంటే జాకీ విరిగిపోయిందనే చాలామంది అనుకుంటారు. జాకీ విరగడం అరుదు. ఎక్కువసార్లు అది పక్కకు ఒరుగుతుంది, లేదా దాని కింది నేల దిగిపోతుంది, లేదా కారే రెండు మూడు అంగుళాలు ముందుకో వెనక్కో జరిగి జాకీని తోసేస్తుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా జాకీ మీద అచ్చేసిన టన్నుల లెక్క అక్కరకు రాదు. బ్రేక్ ప్యాడ్లు మార్చాలన్నా, ఇంజిన్ ఆయిల్ దించాలన్నా, సైలెన్సర్ క్లాంపు బిగించాలన్నా పనిముట్ల పెట్టె తెరవకముందే బండి నిలబడిన తావును చూడాలి. కర్నూలు, అనంతపురం, కడప ఇళ్ల వాకిళ్లలో ఈ చూపు ఇంకాస్త నిదానంగా ఉండాలి. కారణం మనం వాకిట్లో పరిచే బండలు, వాటి కింద ఉన్న మట్టి.

బండపరుపు మీద

బేతంచెర్ల, తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు నుంచి వచ్చే నాపరాళ్లు, నల్లటి కడప బండలు ఈ మూడు జిల్లాల్లో ఏ ఇంటి వాకిట్లో చూసినా ఉంటాయి. ఇది పొరలు పొరలుగా చీలే సున్నపురాయి. అణిచే బరువును బాగా తట్టుకుంటుంది, వంచే బరువును తట్టుకోలేదు. బండ కింద ఇసుక, మట్టి నిండుగా ఉన్నంతకాలం దాని మీద కారు ఎక్కి దిగినా ఏమీ కాదు, ఎందుకంటే టైరు బరువును అరచేయంత మేర పరిచి మోపుతుంది. ఎత్తిన కారును మోయడానికి కింద పెట్టే ఇనుప జాక్ స్టాండు అలా కాదు. దాని నాలుగు కాళ్ల అంచులు నాలుగు చిన్న గీతల మీద మొత్తం బరువును దించుతాయి. బండ కింద ఎక్కడైనా ఖాళీ ఉంటే అది చెప్పాపెట్టకుండా పటుక్కున విరుగుతుంది. ఇనుము వంగినట్టు నెమ్మదిగా వంగి హెచ్చరించదు.

కింద ఖాళీ ఉందో లేదో తెలుసుకోవడం సులువే. చిన్న సుత్తితో గానీ స్పానర్ మొనతో గానీ బండను అడుగుకొకచోట తట్టాలి. నిండుగా కూర్చున్న బండ 'టక్' మని గట్టిగా పలుకుతుంది. కింద మట్టి జారిపోయిన చోట డొల్ల శబ్దం వస్తుంది. ముఖ్యంగా బండల మూలలు కలిసేచోట, కుళాయి పైపు వేయడానికి తవ్వి పూడ్చిన గీత వెంబడి, కాలువ పక్కన ఈ డొల్లతనం ఎక్కువ. అలాంటి బండ మీద స్టాండు పెట్టకూడదు, కారును అడుగు జరుపుకోవాలి.

దీనికన్నా పెద్ద ప్రమాదం నీళ్ల సంపు. రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్లు పట్టుకోవడానికి చాలా ఇళ్లలో సంపు కట్టించేది సరిగ్గా కారు నిలిపే పోర్టికో కిందే. సంపు పైకప్పు కాంక్రీటు స్లాబయితే కారు చక్రాలను మోస్తుంది గానీ, మూత దగ్గర పరిచిన బండను నమ్మడానికి లేదు. సెప్టిక్ ట్యాంకు మూతలు, వీధి కాలువ మీద పరిచిన బండలు కూడా అంతే. వీటి మీదికి జాకీగానీ స్టాండుగానీ రాకుండా కారును ముందే సర్దుకోవాలి. ఎత్తిన తర్వాత చూసుకుంటే లాభం లేదు.

పాలిష్ బండకు ఇంకో గుణం ఉంది, జారుడు. దాని మీద సన్నటి దుమ్ము గానీ, కాస్త ఆయిల్ గానీ, కడిగిన నీళ్లు గానీ ఉంటే ఇనుప జాకీ పాదం సబ్బుముక్కలా జారుతుంది. ఎత్తేచోట ముందు ఊడ్చి, తుడిచి, ఆరనిచ్చి, పాత లారీ ట్యూబులోంచి కోసిన రబ్బరు ముక్క పరిచి, దాని మీద 18 మి.మీ. ప్లైవుడ్ పలక వేస్తే రెండు సమస్యలూ తీరతాయి. రబ్బరు జారనివ్వదు, పలక బరువును పరుస్తుంది. జాకీ ఎత్తు చాలలేదని దాని కింద రెండు మూడు బండముక్కలు పేర్చే అలవాటు మన దగ్గర బాగా ఉంది. బండ మీద బండ పేరిస్తే మధ్యన ఉన్న దుమ్మే బాల్ బేరింగుల పని చేస్తుంది. ఇటుకలు, హాలో బ్లాకులు, సిమెంటు దిమ్మెలు ఇంకా అధ్వానం. చూడ్డానికి గట్టిగా ఉంటాయి, ఒక మూల మీద బరువు పడగానే పొడైపోతాయి.

రేగడి, గరుసు, తారు

సిమెంటు, బండలు లేని ఖాళీ స్థలంలో పని చేయాల్సి వస్తే మట్టి రకం చూడాలి. ఆదోని, ఆలూరు వైపు, అలాగే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు ఉండే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. తడిసిన రేగడిలో జాకీ ఎంత తిప్పినా కారు లేవదు, జాకీయే కిందికి దిగుతుంది. అది కనబడుతుంది కాబట్టి ఎవరైనా ఆపేస్తారు. ఎండిన రేగడిని మాత్రం రాయిలా ఉందని నమ్మేస్తారు. బీట అంచు మీద స్టాండు కాలు పడితే ఆ అంచు పెళ్లలా ఊడిపోతుంది, అది కూడా కారు కింద ఎవరో బోల్టు మీద బలంగా లాగుతున్నప్పుడే. అనంతపురం చుట్టుపక్కల ఎర్రగరుసు నేల దీనికన్నా నయం. అయితే పైన పొర గట్టిగా, కింద వదులుగా ఉండే తావులు అందులోనూ ఉంటాయి.

లెక్క చూస్తే పలక ఎందుకో అర్థమవుతుంది. స్విఫ్ట్ లాంటి కారు బరువు సుమారు 900 కిలోలు. ఇంజిన్, గేర్‌బాక్స్ ముందే ఉంటాయి కాబట్టి దాదాపు 60 శాతం ముందు చక్రాల మీద పడుతుంది, అంటే ఒక్కో ముందు చక్రం మీద 270 కిలోల వరకు. జాకీ పాయింటు, అంటే కారు అడుగున జాకీ ఆనించే చోటు, దగ్గర మోయాల్సింది 300 కిలోలనుకుందాం. కారుతో వచ్చే జాకీ పాదం 8 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. పొడవు ఉంటే చదరపు సెంటీమీటరుకు 3 కిలోలకు పైగా ఒత్తిడి. దాని కింద 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. పొడవున్న పలక వేస్తే అది పావు కిలోకు తగ్గుతుంది. మట్టి నేల మీద ఒక పలక వంగుతుంది. రెండు పలకలు ఒకదాని మీద ఒకటి, చెక్క ఈనెలు ఒకదానికొకటి అడ్డంగా పడేలా వేస్తే వంగదు.

తారు రోడ్డు సంగతి ఎండాకాలంలో వేరే చెప్పాలి. 42, 43 డిగ్రీల ఎండలో బైకు సైడు స్టాండు తారులో గుంత చేసి బండిని పడేయడం మన ఊళ్లలో అందరూ చూసేదే. జాకీ పాదం కూడా అలాగే ఒకవైపు దిగుతుంది. ఒకవైపే దిగింది కాబట్టి జాకీ ఒరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఈ పనులకు తెల్లవారుజామే మంచిది. నేల గట్టిగా ఉంటుంది, చేతులు చెమటతో జారవు.

ఇక వాలు. వీధి నుంచి గేటు లోపలికి ఎక్కే ర్యాంపు మీద కారును ఎత్తే ఆలోచనే పెట్టుకోకూడదు. మిగతా చోట్ల ఒక చిన్న పరీక్ష చాలు. స్టీరింగ్ దగ్గర మనిషి కూర్చుని, బ్రేక్ పెడల్ మీద కాలు సిద్ధంగా ఉంచుకుని, బండిని న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ దించాలి. కారు తనంతట తాను కదిలిందంటే అది జాకీ పెట్టే తావు కాదు.

హ్యాండ్ బ్రేక్ ఎక్కడ పట్టుకుంటుంది, గేరు ఎక్కడ పట్టుకుంటుంది

ఇంట్లో జరిగే పొరపాట్లలో అన్నిటికంటే తెలియకుండా జరిగేది ఇదే. 'హ్యాండ్ బ్రేక్ వేశాం, గేర్లో పెట్టాం, ఇంకేం కదులుతుంది' అనుకుంటారు. మామూలుగా హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలనే పట్టుకుంటుంది. గేరు ఇంజిన్ తిప్పే చక్రాలనే పట్టుకుంటుంది. ఆల్టో, స్విఫ్ట్, ఐ20 లాంటి కార్లలో అవి ముందువి. బొలెరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా లాంటి వాటిలో వెనకవి.

స్విఫ్ట్ వెనక భాగాన్ని రెండువైపులా ఎత్తామనుకోండి. హ్యాండ్ బ్రేక్ పట్టుకున్న చక్రాలు గాల్లో ఉన్నాయి, నేల మీద ఉన్న ముందు చక్రాలను పట్టుకున్నది గేరు ఒక్కటే. న్యూట్రల్‌లో ఉంటే ఏదీ లేదు. బొలెరో వెనక భాగాన్ని ఎత్తితే పరిస్థితి ఇంకా చెడ్డది. హ్యాండ్ బ్రేక్, గేరు రెండూ పట్టుకునేవి వెనక చక్రాలే కాబట్టి, రెండూ గాల్లోకి పోగానే నేల మీద ఉన్న ముందు చక్రాలు పూర్తిగా స్వేచ్ఛగా తిరుగుతాయి.

మరో మెలిక డిఫరెన్షియల్‌తో వస్తుంది. గేర్లో ఉన్న కారుకు ముందు ఎడమ చక్రం ఒక్కటే ఎత్తితే, నేల మీద ఉన్న కుడి చక్రాన్ని గేరు ఆపుతుందనుకోవడం సహజం. ఆపదు. డిఫరెన్షియల్ ఉన్నదే రెండు చక్రాలు వేర్వేరు వేగంతో తిరగడానికి. గాల్లో ఉన్న ఎడమ చక్రం వెనక్కి తిరుగుతూ కుడి చక్రాన్ని ముందుకు తిరగనిస్తుంది. ఆటోమేటిక్ కారులో 'పి' పెట్టినా ఇదే వరస. అంటే ముందు చక్రం ఎత్తిన స్విఫ్ట్‌ను నిజంగా నిలబెట్టేవి హ్యాండ్ బ్రేక్ పట్టిన వెనక చక్రాలు, వాటికి పెట్టిన అడ్డుచెక్కలు. హ్యాండ్ బ్రేక్ కేబుల్ సాగిపోయిన పాత కార్లలో అడ్డుచెక్కలే దిక్కు.

అడ్డు పెట్టడానికి దారిలో దొరికిన గుండ్రాయి సరిపోదు. చక్రం దాన్ని ఎక్కనైనా ఎక్కుతుంది, బండ మీద ముందుకు తోసుకుంటూనైనా పోతుంది. తుమ్మ, వేప లాంటి గట్టి కట్టెను 10 నుంచి 12 సెం.మీ. ఎత్తు, 15 సెం.మీ. వెడల్పు ఉండేలా ముక్కోణంగా కోయిస్తే ఏ సా మిల్లులోనైనా పావుగంట పని. అడుగున రబ్బరు ముక్క మేకులతో కొడితే బండ మీద కూడా పట్టుకుంటుంది. నేల మీద ఉండే చక్రాలకు ముందు ఒకటి, వెనక ఒకటి, టైరుకు ఆనేలా కాలితో తన్ని బిగించాలి. ముందు భాగం ఎత్తితే వెనక చక్రాలకు, వెనక భాగం ఎత్తితే ముందు చక్రాలకు. నాలుగు చెక్కలు చేయించుకుంటే ఏ పనికైనా సరిపోతాయి.

ఏ జాకీ దేనికి

కారుతో పాటు డిక్కీలో వచ్చే కత్తెర జాకీ స్టెప్నీ మార్చడానికి మాత్రమే. దాని పాదం సన్నం, పైకి లేచే కొద్దీ ఊగుతుంది. పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడే దాని మరకు ఎక్కువ శ్రమ. జాకీ చేతులు నేలకు 15 డిగ్రీల కోణంలో ఉంటే, 250 కిలోలు ఎత్తడానికి అడ్డంగా ఉన్న మరకడ్డీ మీద 900 కిలోలకు పైగా లాగుడు పడుతుంది. 45 డిగ్రీలకు వచ్చేసరికి అది 250కి తగ్గుతుంది. మొదటి పది చుట్లు గట్టిగా ఉండటం, తర్వాత తేలికవడం అందుకే. కింద దళసరి పలక వేసి జాకీని కొంచెం ఎత్తు నుంచి మొదలుపెడితే మర అరగదు, చేయి నొప్పెట్టదు. మరకు ఏడాదికొకసారి గ్రీజు పూయడం ఎవరూ చేయరు గానీ, చేయాలి.

సీసా జాకీ, అంటే నిలువుగా లేచే హైడ్రాలిక్ జాకీ, లారీల వాళ్లకు ప్రాణం. బొలెరో లాంటి బళ్ల వెనక యాక్సిల్ కింద, కమాన్‌కట్టకు దగ్గరగా పెట్టడానికి బాగా పనికొస్తుంది. యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ ఉండే గుండ్రటి హౌసింగ్ కింద మాత్రం పెట్టకూడదు. చిన్న కార్లకు ఇది అంతగా కుదరదు. మూసి ఉన్నప్పుడే 15 నుంచి 18 సెం.మీ. ఎత్తుంటుంది, పంక్చరైన కారు కింద పట్టదు. పట్టినా దాని చిన్న గుండ్రటి తల మీద కారు అంచు రేకు నిలవదు.

ఇంటి పనికి డబ్బు పెట్టాలంటే చక్రాల మీద దొర్లే హైడ్రాలిక్ జాకీ, అంటే ట్రాలీ జాకీ, మీదే పెట్టాలి. అయితే దాని నడక తెలుసుకోవాలి. ట్రాలీ జాకీ తల నిటారుగా లేవదు, చేయి వంపు తిరిగినట్టు లేస్తూ కొన్ని సెంటీమీటర్లు అడ్డంగా కూడా జరుగుతుంది. అందుకే దానికి చక్రాలు ఇచ్చారు. కారు లేస్తున్నప్పుడు జాకీ కారు కిందికి తనే దొర్లుకుంటూ పోవాలి. మట్టిలో, గరుసులో చక్రాలు కూరుకుపోతే జాకీ జరగదు. అప్పుడు జరిగేది తల. జాకీ పాయింటు మీంచి మెల్లగా పక్కకు జారుతుంది, లేదా కారునే లాగుతుంది. జాకీ కింద పెట్టే పలక దాని మొత్తం పొడవుకు మించి ఉండాలి, పైన నున్నగా ఉండాలి. ఎత్తేటప్పుడు పిడిని ప్రతి నాలుగైదు సార్లు కొట్టాక ఆగి తల ఎక్కడుందో చూడాలి. జాకీ చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టే వాళ్లున్నారు. ఆ ఒక్క పని చేస్తే చాలు, కారు పడటానికి.

హైడ్రాలిక్ జాకీ పట్టు నిలబడుతోందో లేదో ఏడాదికొకసారి పరీక్షించాలి. కారు మూల ఎత్తి, నేల నుంచి కారు అంచు వరకు ఎత్తును టేపుతో కొలిచి, కింద ఎవరూ లేకుండా పావుగంట వదిలి మళ్లీ కొలవాలి. కొన్ని మిల్లీమీటర్లు దిగిందంటే సీలు పోయింది. కొట్టినా లేవకుండా మెత్తగా ఆడుతుంటే లోపల గాలి చేరింది. బరువు లేకుండా, జాకీని దించే రిలీజ్ వాల్వు వదులు చేసి పది సార్లు కొడితే మామూలుగా పోతుంది. ఆయిల్ తగ్గితే హైడ్రాలిక్ జాకీ ఆయిలే పోయాలి. చేతికందింది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి.

జాకీ ఎంత మంచిదైనా, ఎంత ఖరీదుదైనా, కారు దాని మీద ఉండగా కింద తల పెట్టకూడదు. లోపల బరువంతా మోసేది ఒక రబ్బరు రింగు, ఒక చిన్న వాల్వు. వాల్వు మీద ఇసుక రేణువు పడినా పట్టు పోతుంది. ఆడుకునే పిల్లవాడి చేయి రిలీజ్ మర మీద పడినా అంతే.

స్టాండు కొనేటప్పుడు

స్టాండ్లు రెండు రకాలు. ఒకటి పళ్ల కడ్డీ, దాన్ని పట్టే కొక్కెం ఉన్నవి. రెండోది పైపులో పైపు, మధ్యలో పిన్ను. పిన్నువి మోటుగా ఉంటాయి, ఎత్తు మార్చడం విసుగు, కానీ నమ్మకానికి అవే మేలు. పిన్ను అటు నుంచి ఇటు పూర్తిగా దూరిందో లేదో కంటికి కనబడుతుంది. దాని పిన్ను పోతే స్క్రూడ్రైవరో, చేతికొచ్చిన బోల్టో దూర్చి పని కానివ్వడం జరుగుతుంటుంది. అది తెగితే మోసేది ఏమీ ఉండదు.

పళ్లవి కొన్నప్పుడు ఒక్కో పన్ను దగ్గర కొక్కెం లోతుగా కూర్చుంటోందా, అంచున తగులుతోందా అని వెలుతురులో చూడాలి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అనే పనిముట్ల సంస్థ తను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించింది. కొక్కెం పళ్లలో పూర్తిగా కూర్చోక, బరువు అటూ ఇటూ కదిలినప్పుడు వదిలేస్తోందని తేలింది. వాటికి బదులుగా ఇచ్చిన 3 టన్నుల స్టాండ్లలో కొన్నింటి వెల్డింగు లోపంతో అదే ఏడాది మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. అంత పెద్ద ఎత్తున తయారయ్యే సరుకుకే అలా జరిగిందంటే, ఏ పేరూ అచ్చు వేయని స్టాండును కళ్లతో పరీక్షించకుండా వాడటం తగదు.

స్టాండు మీద '2 టన్నులు' అని ఉంటే అది ఒక్కదానికా, జతకా అని అట్టపెట్టె మీద చదవాలి. జతకే అయినా చిన్న కార్లకు సరిపోతుంది. ముందు భాగమంతా కలిపి మోయాల్సింది అరటన్నుకు కొంచెం ఎక్కువ. అయినా 3 టన్నులవి తీసుకోమనడం బలం కోసం కాదు, వాటి కాళ్లు వెడల్పుగా ఉంటాయని. స్టాండు పడేది విరిగి కాదు, ఒరిగి. కాళ్ల వెడల్పు 20 సెం.మీ. ఉండి, తల 40 సెం.మీ. ఎత్తున ఉంటే, తల 10 సెం.మీ. పక్కకు పోతే చాలు. కాబట్టి పనికి ఎంత ఎత్తు అవసరమో అంతే ఎత్తాలి. స్థానిక వెల్డింగు షాపుల్లో చేయించుకుంటే నాలుగు కాళ్ల యాంగిల్ స్టాండే చేయించాలి, కాళ్లను కింద చుట్టూ పట్టీతో కలిపించాలి. మూడు కాళ్లవి వద్దు.

ఎత్తడం, నిలబెట్టడం

కారులోంచి మనుషుల్ని, బరువుల్ని దించి, తలుపులన్నీ వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, మొదటి గేర్లో పెట్టి, అడ్డుచెక్కలు బిగించాలి. చక్రం విప్పే పనుంటే నట్లను కారు నేల మీద ఉండగానే పావు చుట్టో అర చుట్టో వదులు చేయాలి. గాల్లో ఉన్న చక్రం నట్టును ఒళ్లంతా బరువేసి తిప్పితే ఊగేది కారే.

జాకీ పాయింట్లు చిన్న కార్లకు తలుపుల కింది అంచు రేకులో ఉంటాయి. ముందు చక్రానికి వెనకగా, వెనక చక్రానికి ముందుగా, చేత్తో తడిమితే ఆ రేకులో జానెడు లోపు దూరంలో రెండు చిన్న గాట్లు తగులుతాయి. ఆ రెండు గాట్ల మధ్యే జాకీ తల కూర్చోవాలి. అక్కడ లోపల రేకు పొరలు ఎక్కువ. బెత్తెడు పక్కకు పోతే రేకు మడత పడుతుంది. ట్రాలీ జాకీ తల చదునుగా ఉంటుంది కాబట్టి, మధ్యలో గాడి కోసిన గట్టి రబ్బరు దిమ్మె పెట్టాలి. రేకు అంచు ఆ గాడిలోకి దిగి, బరువు అంచు మీద కాకుండా దాని రెండు పక్కలా పడుతుంది. ఆయిల్ సంపు, గేర్‌బాక్స్, నేల రేకు, రేడియేటర్ కింది పట్టీ, పెట్రోలు ట్యాంకు, వీటి కింద జాకీ ఎన్నడూ పెట్టకూడదు. చిన్న కార్ల వెనక రెండు చక్రాలను కలిపే దూలం కింద పెట్టడం షెడ్లలో మామూలే. కారు మాన్యువల్ ఒప్పుకోకపోతే పెట్టకపోవడం మేలు.

సీమ ఎండకు, పొడిగాలికి కార్ల అడుగు రేకు త్వరగా తుప్పు పట్టదు. అది మన అదృష్టం. అయితే చెన్నై, నెల్లూరు వైపు నుంచి వచ్చిన సెకండ్ హ్యాండ్ కారయితే జాకీ పాయింటును స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. పైన కోటింగు బాగానే ఉండి లోపల రేకు అప్పడంలా ఉండటం సముద్రపు గాలి తగిలిన బళ్లలో ఉన్నదే.

ముందు రెండు వైపులా ఎత్తాలంటే ఒకేవైపు పూర్తిగా ఎత్తి స్టాండు పెట్టి, తర్వాత రెండో వైపు ఎత్తకూడదు. రెండో వైపు లేస్తుంటే కారు మొదటి స్టాండు మీద పక్కకు వంగుతుంది, దాని రెండు కాళ్లు నేల విడుస్తాయి. ఒకవైపు కొంచెం ఎత్తి స్టాండు కింది పన్ను మీద పెట్టి, రెండో వైపూ అంతే పెట్టి, మళ్లీ మొదటి వైపుకు వచ్చి ఒక పన్ను పెంచుకుంటూ పోవాలి. ముందు అడ్డదూలం మధ్యలో మాన్యువల్ చూపిన జాకీ పాయింటు ఉన్న కార్లకు ట్రాలీ జాకీతో రెండు వైపులూ ఒకేసారి లేస్తాయి, ఈ తిప్పలు ఉండవు.

స్టాండును ఎక్కడ పెట్టాలన్నది ఇంటి దగ్గర నిజంగానే చిక్కు. పాయింటు మీద జాకీ ఉంటే స్టాండుకు తావుండదు. జాకీని ఫ్రేము మీద బలమైన చోట పెట్టి స్టాండును పాయింటు కింద పెట్టడం ఒక దారి. లేదంటే గాట్ల మధ్య చోటును రెండింటికీ పంచాలి, అది కుదిరేది జాకీ తల చిన్నదైతేనే. స్టాండు తలకు కూడా గాడి రబ్బరు ఉండాలి. కారును దాని మీదికి దించేటప్పుడు రిలీజ్ మరను పావు చుట్టు మాత్రమే, మెల్లగా తిప్పాలి. స్టాండు తల సరిగ్గా పాయింటు కింద ఉందా, నాలుగు కాళ్లూ పలకను తాకుతున్నాయా అని చూసి, కొక్కెం పిడిని కిందికి నొక్కి పళ్లలో కూర్చుందో లేదో చూసి, అప్పుడు పూర్తిగా దించాలి. తర్వాత జాకీని తీసేయకుండా, తల ఆని ఆననట్టుగా పైకి తెచ్చి అక్కడే వదిలేయాలి.

ఇప్పుడు కారును పక్క నుంచి, ముందు నుంచి రెండు చేతులతో గట్టిగా నెట్టాలి. పడేదేదో మనుషులు బయట ఉన్నప్పుడే పడాలి. స్టాండు ఏమాత్రం కదిలినా, పలక కిర్రుమన్నా, మళ్లీ ఎత్తి సర్దుకోవాలి. ఈ నెట్టుడును మొహమాటంగా చేసేవాళ్లే ఎక్కువ. పట్టిపోయిన బోల్టు మీద రెండడుగుల రాడ్డు వేసి లాగేటప్పుడు పడే కుదుపు దీనికన్నా ఎక్కువే ఉంటుంది.

విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం మంచి అలవాటు, కానీ దాని మీద పూర్తి నమ్మకం పెట్టుకోకూడదు. 165 మి.మీ. వెడల్పు టైరు పడుకోబెడితే ఇచ్చే సందు పదహారున్నర సెంటీమీటర్లే. పెద్ద మనిషి ఛాతీ మందం అంతకన్నా ఎక్కువ. చక్రం కారు అంచును కాపాడుతుంది, చేయి నలగకుండా చూస్తుంది. ఛాతీ కింద ఉండగా పడితే అది చాలదు. చక్రం మీద దళసరి చెక్క వేయడమో, నాలుగంగుళాల గట్టి కట్టెలను ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా పేర్చి కారు అడుగుకు రెండు వేళ్ల సందు ఉండేలా పెట్టడమో చేయాలి.

ఇంట్లో మరొకరు ఉండగానే కారు కింద పని చేయాలి. ఆ ఇంకొకరికి జాకీ రాడ్డు ఎక్కడుందో, ఎటు తిప్పితే లేస్తుందో చూపించి ఉంచాలి. పొరపాటున కారు మీద పడితే మనిషిని లాగే ప్రయత్నం చేయకూడదు. ముందు కారును ఎత్తాలి, లేచిన కొద్దీ కింద చెక్కలు తోస్తూ పోవాలి, 108కి ఫోను చేయాలి.

క్లచ్చు ప్లేటు, గేర్‌బాక్స్, సస్పెన్షన్ స్ప్రింగు లాంటివి స్టాండ్ల మీద చేసే పనులు కావు. బరువు ముందుకూ వెనక్కూ మారుతుంది, బోల్టులు మొండికేస్తాయి. వెనక చక్రాలతో నడిచే బండికి, గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌ను తిప్పే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పితే గేరు పట్టు కూడా పోతుంది. ఆయిల్ మార్చడం వంటి పనికి కూడా, దగ్గర్లో వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు గంటసేపు దొరికితే అదే సుఖం.

దించేటప్పుడు వరస తిరగబడుతుంది. పనిముట్లు, డబ్బాలు, పిల్లులు, కుక్కలు కింద ఏమీ లేవని చూసి, జాకీతో వేలెడు ఎత్తు లేపి, స్టాండు తీసి, మెల్లగా దించాలి. చక్రం నట్లు గాల్లో ఉండగా చేత్తో, ఎదురెదురుగా బిగించి, చక్రం నేలకు తగిలాక పూర్తిగా బిగించాలి. చిన్న కార్లకు మామూలుగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల బిగింపు, కచ్చితమైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. అడుగు పొడవు స్పానర్ చివర 33 కిలోల బలం వేస్తే దాదాపు 100 అవుతుంది. స్పానర్ మీద 70 కిలోల మనిషి ఎక్కి నిలబడితే 200 దాటి స్టడ్లు సాగుతాయి, తర్వాతి పంక్చరు నాటికి నట్టు వదలదు. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి బిగింపు చూడాలి, అలాయ్ చక్రాలయితే తప్పనిసరిగా. ఇంజిన్ ఆయిల్ మార్చి ఉంటే డిప్‌స్టిక్ చూసేది కారు నాలుగు చక్రాల మీద సమంగా నిలబడి, ఇంజిన్ ఒకసారి తిరిగి ఆగి, ఐదు నిమిషాలు గడిచాకే.